ఆహార నియమం తొలి వారంలో తగ్గే బరువు: ఒక చారిత్రక పరిశీలన

1. పరిచయం



మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరో ఒకరు బరువు తగ్గాలని అన్నం మానేసి ఉంటారు. మొదటి వారం గడిచేసరికి రెండు మూడు కిలోలు తగ్గాయని సంబరపడి ఉంటారు. రెండో వారంలో అర కిలో తగ్గుతుంది. మూడో వారంలో ముల్లు కదలదు. ‘నా ఒంటికి ఇది పనిచేయదు’ అని వారు మళ్లీ పాత భోజనానికి వస్తారు. నాలుగు రోజుల్లో ఆ రెండు కిలోలూ తిరిగి వస్తాయి.

ఈ నిరాశకు మూలం ఒక అపార్థం. తూకం యంత్రం ఒకే ఒక అంకె చూపుతుంది. ఆ అంకెలో కొవ్వు, నీరు, కండ, కడుపులోని ఆహారం అన్నీ కలిసి ఉంటాయి. వాటిని విడదీసి చూడటం నేర్చుకోవడానికి శాస్త్రానికి దాదాపు మూడున్నర శతాబ్దాలు పట్టింది.

చరిత్ర విద్యార్థులుగా మీకు ఈ పద్ధతి కొత్త కాదు. శాసనమైనా, దానపత్రమైనా, జనాభా లెక్క అయినా దొరికిన వెంటనే మనం నమ్మం. అది ఏమి చెబుతోంది, ఏమి చెప్పడం లేదు అని అడుగుతాం. ఈ పాఠంలో తూకం అంకెను కూడా అలాంటి ఒక ఆధారంగా పరిశీలిద్దాం.

2. తక్కెడలో కూర్చున్న వైద్యుడు

శరీరపు బరువును క్రమంగా కొలిచి గ్రంథస్థం చేసిన తొలి వైద్యులలో ముఖ్యుడు ఇటలీకి చెందిన శాంటోరియో. ఆయన పెద్ద తక్కెడకు ఒక కుర్చీని వేలాడదీసి, దానిలో కూర్చొని భోజనం చేసేవాడు. తిన్నది, తాగినది, విసర్జించినది అన్నీ తూచేవాడు. ఈ పని సుమారు ముప్ఫై ఏళ్లు సాగింది. ఫలితాలను 1614లో ప్రచురించాడు.

ఆయనకు ఒక వింత కనిపించింది. రోజులో ఎనిమిది పౌన్ల ఆహార పానీయాలు తీసుకుంటే, అందులో దాదాపు ఐదు పౌన్లు కంటికి కనిపించకుండానే శరీరం నుంచి పోతున్నాయి. దానికి ఆయన ‘తెలియని చెమట’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. చర్మం నుంచి, ఊపిరి నుంచి నీరు ఆవిరిగా పోతుందని ఇప్పుడు మనకు తెలుసు. బరువులో ప్రతిరోజూ వచ్చే మార్పులో నీటికి పెద్ద పాత్ర ఉందన్న సూచన ఆనాడే లభించింది. అయితే పోయిన బరువులో ఏది ఎంత అని చెప్పే సాధనం శాంటోరియో దగ్గర లేదు.

3. బాంటింగ్ ఉత్తరం

రెండున్నర శతాబ్దాల తరవాత లండన్‌లో విలియం బాంటింగ్ అనే అంత్యక్రియల ఏర్పాట్ల వ్యాపారి ఉండేవాడు. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. 1862 ఆగస్టులో బరువు 202 పౌన్లు, అంటే సుమారు 92 కిలోలు. వైద్యుడు విలియం హార్వీ సలహాతో రొట్టె, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు చాలావరకు మానేశాడు. ఏడాదిలో 156 పౌన్లకు వచ్చాడు. తన అనుభవాన్ని 1863లో ‘స్థూలకాయంపై ఉత్తరం’ అనే చిన్న పుస్తకంగా సొంత ఖర్చుతో అచ్చువేయించి పంచాడు. అది ఎంత ప్రచారం పొందిందంటే ఆయన పేరు ఇంగ్లీషులో ఒక క్రియాపదమైంది. స్వీడిష్ భాషలో ‘బాంటా’ అంటే నేటికీ బరువు తగ్గే నియమం పాటించడమే.

బాంటింగ్ తేదీల వారీగా తన బరువు పట్టిక ఇచ్చాడు. నిజాయితీగా నమోదు చేసిన ఆధారమే అది. కానీ తగ్గినది కొవ్వా, నీరా అన్న ప్రశ్నకు ఆ పట్టికలో జవాబు దొరకదు. ఆయనను అనుసరించిన వేలమంది కూడా ఆ ప్రశ్న అడగలేదు.

4. కాలేయంలో దాగిన పిండి

జవాబుకు మొదటి తాళంచెవి ఆనాటికే పారిస్‌లో దొరికింది. 1857లో క్లాడ్ బెర్నార్డ్ కాలేయం నుంచి ఒక పిండివంటి పదార్థాన్ని వేరుచేసి దానికి గ్లైకోజెన్ అని పేరు పెట్టాడు. మనం తిన్న అన్నం, రొట్టె, చక్కెరలలో వెంటనే ఖర్చు కాని భాగంలో కొంత ఈ రూపంలో నిలవ ఉంటుంది. పెద్దవారిలో కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలలో సుమారు 400 గ్రాములు ఉంటుందని స్థూలంగా చెప్పవచ్చు.

ఇది ఇంట్లో డబ్బాలో పోసుకున్న బియ్యం లాంటిది. కొవ్వు గాదెలో నిలవ ఉన్న ధాన్యం. ముందు డబ్బా ఖాళీ అవుతుంది, గాదె జోలికి పూర్తిగా వెళ్లేది ఆ తరవాతే.

గ్లైకోజెన్ పొడిగా ఉండదు. ఒక గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు నిలవ ఉంటుంది. 1970లో స్వీడన్ పరిశోధకులు ఒల్సన్, సాల్టిన్ కండరాలలో గ్లైకోజెన్ పెరిగినప్పుడు ఒంట్లో నీరు కూడా పెరుగుతుందని కొలిచి చూపారు.

ఇప్పుడు మీరే లెక్క వేయండి. 500 గ్రాముల గ్లైకోజెన్, దానితో 1500 గ్రాముల నీరు, మొత్తం రెండు కిలోలు. ఈ నిలవ పూర్తిగా ఖాళీ అయితే తూకంలో రెండు కిలోలు తగ్గుతుంది. కానీ దాని నుంచి వచ్చిన శక్తి సుమారు 2000 కిలోకాలరీలే, అంటే దాదాపు ఒక రోజు భోజనం. అదే రెండు కిలోల ఒంటి కొవ్వు కరగాలంటే 15,000 కిలోకాలరీలకు పైగా ఖర్చు కావాలి.

మరొక కారణం కూడా ఉంది. పిండిపదార్థాలు తగ్గితే రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది. సోడియాన్ని పట్టి ఉంచమని మూత్రపిండాలకు అందే సూచన బలహీనపడుతుంది. ఉప్పు బయటికి పోతుంది, దాని వెంట నీరు పోతుంది. తొలి రోజుల్లో మూత్రం ఎక్కువగా రావడానికి, కొందరికి తల తిరగడానికి ఇదొక కారణం.

5. బోస్టన్‌లో ముప్ఫై ఒక్క రోజులు

1912లో బోస్టన్‌లోని కార్నెగీ సంస్థవారి పోషణ ప్రయోగశాలలో ఫ్రాన్సిస్ బెనెడిక్ట్ ఒక ఉపవాసాన్ని అధ్యయనం చేశాడు. మాల్టా దేశస్థుడు అగోస్టినో లెవాంజిన్ 31 రోజులు నీళ్లు మాత్రమే తాగి ఉన్నాడు. ఆయన పీల్చే ప్రాణవాయువు, విడిచే బొగ్గుపులుసు వాయువు, మూత్రంలోని నత్రజని కొలిచారు. ఏ రోజు ఎంత పిండిపదార్థం, ఎంత కొవ్వు, ఎంత మాంసకృత్తు ఖర్చయిందో ఈ కొలతలతో లెక్కకట్టవచ్చు.

బరువు సుమారు 60.6 కిలోల నుంచి 47.4 కిలోలకు వచ్చింది. తగ్గుదల అన్ని రోజులూ ఒకేలా లేదు. మొదటి రోజుల్లో ఎక్కువగా, ఆపైన చాలా నెమ్మదిగా సాగింది. పిండిపదార్థాల ఖర్చు కూడా మొదటి రోజుల్లోనే ఎక్కువ. ఆ మనిషి ఉపవాసం ఒక్కరోజు కూడా సడలలేదు. అయినా తూకం వేగం పడిపోయింది. వేగం తగ్గడం పట్టుదల తగ్గడానికి గుర్తు కాదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

6. లండన్ వివాదం, న్యూయార్క్ సమాధానం

1956లో లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రికి చెందిన కెక్విక్, పవన్ లాన్సెట్ పత్రికలో ఒక ఆశ్చర్యకరమైన ఫలితం ప్రకటించారు. స్థూలకాయులకు రోజుకు 1000 కిలోకాలరీల ఆహారమే ఇచ్చినా, అందులో కొవ్వు ఎక్కువైతే బరువు వేగంగా తగ్గింది. పిండిపదార్థాలు ఎక్కువైతే అంతగా తగ్గలేదు. శక్తి సమానమైనప్పుడు ఈ తేడా ఎక్కడిది? అయితే ఒక్కో ఆహారాన్ని పరీక్షించింది కొద్ది రోజులే. 1960లో పిల్కింగ్టన్ బృందం అదే పత్రికలో దీనిని ప్రశ్నించింది. ఎక్కువ రోజులు గమనిస్తే తొలి దశ దాటాక తగ్గుదల వేగాలు దగ్గరపడతాయని, తొలి తేడా నీటిదని వాదించింది.

నిర్ణయాత్మకమైన కొలత 1976లో న్యూయార్క్ నుంచి వచ్చింది. యాంగ్, వాన్ ఇటాలీ ఆరుగురు స్థూలకాయులను పరీక్షించారు. ఒక్కొక్కరు పది రోజులు పిండిపదార్థాలు అతి తక్కువగా ఉన్న ఆహారం, మరో పది రోజులు మామూలు మిశ్రమాహారం తీసుకున్నారు. రెండూ రోజుకు 800 కిలోకాలరీలే. సగటు ఫలితాలు ఇవి:

పిండిపదార్థాలు తక్కువైన ఆహారం: రోజుకు సుమారు 467 గ్రాములు తగ్గింది. అందులో నీరు 61.2 శాతం, కొవ్వు 35 శాతం, మాంసకృత్తులు 3.8 శాతం.

మిశ్రమాహారం: రోజుకు సుమారు 278 గ్రాములు తగ్గింది. అందులో నీరు 37.1 శాతం, కొవ్వు 59.5 శాతం, మాంసకృత్తులు 3.4 శాతం.

ఈ శాతాలను గ్రాములలోకి మార్చి చూడండి. మొదటి ఆహారంలో రోజుకు కరిగిన కొవ్వు సుమారు 163 గ్రాములు. రెండోదానిలో 165 గ్రాములు. తూకంలో పది రోజులకు దాదాపు రెండు కిలోల తేడా కనిపించింది. కొవ్వులో తేడా లేదు. ఆ తేడా దాదాపు అంతా నీటిదే.

7. నీరు కొవ్వును దాచినప్పుడు

దీనికి విరుద్ధమైన స్థితి కూడా ఉంది. 1945లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకు 24 వారాలు అరకొర ఆహారం ఇచ్చి పరీక్షించాడు. వారు సైన్యంలో చేరడానికి మనస్సాక్షి కారణంగా నిరాకరించి, ఈ ప్రయోగానికి ముందుకు వచ్చినవారు. బరువులో సుమారు నాలుగో వంతు పోయింది. అదే సమయంలో పలువురికి కాళ్లలో నీరు చేరి వాపు వచ్చింది. కొవ్వు, కండ కరుగుతున్నా, చేరిన నీరు ఆ నష్టంలో కొంత భాగాన్ని తూకంలో కప్పివేసింది. అందుచేత ముల్లు ఆగిందంటే కొవ్వు కరగడం ఆగిందని తప్పనిసరిగా అర్థం కాదు.

8. మన రోజువారీ జీవితానికి

1958లో మ్యాక్స్ విష్నోఫ్‌స్కీ ఒక పౌను బరువుకు 3500 కిలోకాలరీలు అని లెక్కకట్టాడు. రోజుకు 500 కిలోకాలరీలు తగ్గించి తింటే వారానికి సుమారు 450 గ్రాముల కొవ్వు కరగాలి. దీర్ఘకాలంలో ఈ లెక్క కచ్చితంగా నిలవదు, ఎందుకంటే శరీరం చిన్నదయ్యేకొద్దీ దాని ఖర్చు కూడా తగ్గుతుంది. తొలి వారానికి కూడా వర్తించదు. కానీ ఒక కొలబద్దగా పనికివస్తుంది. మొదటి వారంలో రెండున్నర కిలోలు తగ్గితే అందులో కొవ్వు అర కిలో ఉండవచ్చు. మూడో వారంలో అర కిలోనే తగ్గితే ఆ అర కిలోలో అధికభాగం కొవ్వే కావచ్చు. అందరూ విఫలమయ్యామనుకునే వారమే నిజంగా పని జరిగిన వారం.

పండగనాడు పులిహోర, బూరెలు తిన్న మరునాడు కిలో పెరిగితే కూడా కంగారు అక్కరలేదు. ఖాళీ అయిన డబ్బా నీటితో సహా నిండిందంతే. ‘పది రోజుల్లో ఐదు కిలోలు’ అనే ప్రకటన చూసినప్పుడు మాత్రం ‘ఐదు కిలోల ఏమిటి?’ అని అడగండి. మధుమేహానికి, రక్తపోటుకు మందులు వాడేవారు అకస్మాత్తుగా ఆహారం మార్చకుండా ముందు వైద్యుని సంప్రదించాలి. ఇన్సులిన్, ఉప్పు, నీరు మూడూ మారితే మందుల మోతాదు కూడా మార్చవలసి రావచ్చు.

9. సారాంశం

శాంటోరియో బరువును తూచాడు. బెర్నార్డ్ నిలవ పిండిని కనుగొన్నాడు. బెనెడిక్ట్ రోజువారీ ఖర్చును కొలిచాడు. యాంగ్, వాన్ ఇటాలీ తగ్గిన బరువును కొవ్వు, నీరు, మాంసకృత్తులుగా విడదీశారు. తొలి వారపు వేగం అబద్ధం కాదు, కానీ అది చెప్పేది ముఖ్యంగా నీటి కథ. ఒకరోజు తూకం కంటే నాలుగు వారాల ధోరణి నమ్మదగిన ఆధారం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గ్లైకోజెన్ నిలవ ఖాళీ అయినప్పుడు కొవ్వు పెద్దగా కరగకుండానే బరువు ఎందుకు తగ్గుతుంది?

2. 1956, 1976 పరిశోధనలను పోల్చి, పరిశీలనా కాలం, కొలత పద్ధతి ముగింపును ఎలా మారుస్తాయో వివరించండి.

3. బాంటింగ్ బరువు పట్టికను చారిత్రక ఆధారంగా తీసుకుంటే దాని బలం ఏమిటి, పరిమితి ఏమిటి?