ఎల్ కొడితే గీత

మన బడిలో చదివి, తర్వాత ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసి బెంగళూరు బస్సెక్కినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఇద్దరు ముగ్గురుంటారు. వేరుశెనగ ఎండిన ఏడు ఇంకొంచెం ఎక్కువమంది. మాకు అన్నం పెట్టిన ఆటోక్యాడ్ పొట్టి కమాండ్ల కథ ఈ స్వర్ణోత్సవ సంచికలో ఉండాలనిపించింది.

అనంతపురం ఇంజనీరింగు కాలేజీ 1946లోనే మొదలైంది. అప్పటినుంచి చాలాకాలం ప్లాను అంటే ట్రేసింగ్ పేపరు, ఇంకు పెన్ను, అమోనియా ప్రింటు. తప్పు పడితే బ్లేడుతో గీకాలి. ఎండాకాలంలో ఫ్యాను వేస్తే కాగితం లేస్తుంది, ఆపితే చెమట చుక్క ఇంకు మీద పడుతుంది.

ఆటోక్యాడ్ 1982లో అమెరికాలో పుట్టింది. జాన్ వాకర్, ఆయన మిత్రులు పెట్టిన ఆటోడెస్క్ కంపెనీ దాన్ని మైక్ రిడిల్ రాసిన ఇంటరాక్ట్ అనే ప్రోగ్రాము మీద కట్టింది. అప్పటి చిన్న కంప్యూటర్లకు మౌస్ అరుదు. గీత కావాలంటే ఆ మాట టైపు చేయాలి. తెర అడుగున కనిపించే కమాండ్ లైన్ ఆనాటి వారసత్వమే.

రోజుకు వందలసార్లు పూర్తి మాట కొట్టడం ఎవరివల్ల అవుతుంది? అందుకే పొట్టి పేర్లు. ఎల్ కొడితే గీత, సి కొడితే వృత్తం. సి అట్లా పోయింది కాబట్టి కాపీకి సి, ఓ రెండూ కొట్టాలి. టి, ఆర్ కొడితే అదనపు గీత తెగుతుంది. ఎఫ్8 నొక్కితే గీత నిలువుగానో అడ్డంగానో తప్ప పోదు, అచ్చం మన పాత టీ స్క్వేరు. స్పేస్ బార్ ఇక్కడ ఎంటర్ పని చేస్తుంది. ఉత్తినే నొక్కితే ఇంతకుముందు వాడిన కమాండే మళ్లీ వస్తుంది. కాలువ ప్లానులో మధ్యగీత గీసి, ఓ కొట్టి దూరం ఇస్తే గట్టు గీత పక్కనే పడుతుంది. హంద్రీ-నీవా లాంటి కాలువ ప్లానుల్లో ఇదే సగం పని.

తెలుగు మీడియం పిల్లలం మేము. మెనూలోని ఇంగ్లీషు చూసి బెదిరిన నాకు మా ఊరి సీనియర్ ఒకాయన చెప్పిన మాట: "యాలప్పా భయం? ఇరవై అక్షరాలు నేర్సుకో, సాలు." నిజంగానే చాలింది.

ఈ పేర్లు యాక్యాడ్ డాట్ పీజీపీ అనే మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి మార్చుకోవచ్చు. కుడిచెయ్యి మౌస్ మీద ఉంటే ఓ, ఎల్, ఎం అందవు. అందుకే కాపీని నేను రెండు సి లకు మార్చుకున్నాను. ఇంకొకరి కంప్యూటరు ముందు కూర్చుంటే మాత్రం పాత పేర్లే గతి. కాబట్టి ముందు అవి రావాలి.

1997లో వచ్చిన రిలీజ్ 14తో డాస్ పోయి విండోస్ ఒక్కటే మిగిలింది. 2009 వెర్షన్‌లో మెనూల స్థానంలో రిబ్బన్ వచ్చింది. బొమ్మల గుర్తులతో నేర్చినవాళ్లు ప్రతిసారీ వెతుక్కున్నారు. ఎల్ మాత్రం కదల్లేదు. ఇప్పటికీ కొన్ని కోచింగ్ సెంటర్లు బొమ్మలు నొక్కించే నేర్పుతున్నాయి. నాకది నచ్చదు.

మన బడి కంప్యూటరు గది కోసం ఆ ఇరవై అక్షరాలూ తెలుగు వివరణతో ఒక కాగితం మీద రాసి హెడ్మాస్టరు గారికి ఇచ్చాను. పదో తరగతి పిల్లలు అడిగితే జిరాక్స్ తీసిస్తారు.