దుంగ నుంచి గింజ దాకా

శేషాచలం కొండల్లో ఎర్రచందనం నరికే దొంగలు బెరడునూ, దాని కింది తెల్లచెక్కనూ గొడ్డలితో చెక్కేసి, ఎర్రటి చేవను మాత్రమే మోసుకుపోతారు. ఆ చేవకు అసలు గిరాకీ సముద్రాల అవతల ఉంది. గొడ్డలి ఇక్కడిదే, దాన్ని ఆడించే డబ్బు అక్కడిది. అందుకే అడవిని కాపాడటానికి అటవీ చట్టం ఒక్కటే చాలదని, వాణిజ్య చట్టమూ తోడు రావాలని ప్రపంచానికి మెల్లగా తెలిసొచ్చింది.

1973 మార్చి 3న వాషింగ్టన్‌లో కుదిరిన సైటిస్ ఒప్పందం ఇందులో తొలి పెద్ద మెట్టు. ముప్పున్న జంతువులను, మొక్కలను అనుమతి పత్రం లేకుండా దేశం దాటించకూడదంది. 1976లో భారత్ అందులో చేరింది. 1995లో ఎర్రచందనం దాని రెండో అనుబంధంలోకి ఎక్కింది. కానీ సైటిస్ కాపాడేది జాతిని, అడవిని కాదు. జాబితాలో లేని చెట్లను తెగనరికి సోయా వేసినా అది అడ్డుకోలేదు.

అడవుల కోసం అన్ని దేశాలనూ కట్టిపడేసే ఒప్పందం 1992 రియో సదస్సులోనూ కుదరలేదు. సూత్రాలతో సరిపెట్టుకున్నారు. అదే ఏడాది ఆస్ట్రియా ఒంటరిగా ముందుకొచ్చి, ఉష్ణమండల కలపపై అది ఉష్ణమండలానిదని ముద్ర వేసి తీరాలని చట్టం చేసింది. మలేషియా, ఇండోనేషియా భగ్గుమన్నాయి. మా కలపకే ముద్రా, మీ చలి దేశాల కలపకు అక్కర్లేదా అన్నాయి. ఆ ప్రశ్న న్యాయమైనదే. 1993లో ఆస్ట్రియా వెనక్కి తగ్గింది.

దారి చూపింది రొయ్యల కేసు. తాబేళ్లు తప్పించుకునే అమరిక లేని వలలతో పట్టిన రొయ్యలను అమెరికా నిషేధించింది. భారత్, మలేషియా, పాకిస్థాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థను ఆశ్రయించాయి. 1998లో అప్పీలు మండలి రెండు మాటలు చెప్పింది. ప్రాణమున్న సంపద కూడా తరిగిపోయేదే, దాని రక్షణకు వ్యాపారాన్ని నియంత్రించవచ్చు. అయితే కరీబియన్ దేశాలకు మూడేళ్ల గడువిచ్చి, మన లాంటి దేశాలకు నాలుగు నెలలే ఇవ్వడం వివక్ష. లక్ష్యం మంచిదైతే చాలదు, తూకం అందరికీ ఒక్కటే ఉండాలన్నది ఆ తీర్పు సారం.

ఆ తర్వాత చట్టం చూపు కొనేవాడి మీదికి మళ్లింది. వేటాడిన పక్షుల వ్యాపారాన్ని అరికట్టడానికి 1900లో పుట్టిన లేసీ చట్టాన్ని అమెరికా 2008లో కలపకూ వర్తింపజేసింది. ఏ చెట్టు, ఏ దేశంలో కొట్టిందో దిగుమతిదారు చెప్పాలి. గిటారు మెడ మీద అతికే పల్చటి నల్లటి పలక కోసం మడగాస్కర్ నల్లచేవ కలప తెప్పించిన గిబ్సన్ కంపెనీ, 2012లో 3 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. ఐరోపా కూడా 2013 నుంచి దొంగ కలపకు తలుపులు మూసింది.

కానీ సక్రమంగా నరికినా అడవి పోయినట్టే కదా! 1990 నుంచి 2020 దాకా ప్రపంచం 42 కోట్ల హెక్టార్ల అడవిని కోల్పోయిందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క. అందులో పెద్ద వాటా పొలాలకు, పశువుల మేతకు పోయింది. అందుకే 2023లో ఐరోపా కొత్త చట్టం తెచ్చింది. పశువులు, కోకో, కాఫీ, పామాయిల్, రబ్బరు, సోయా, కలప: ఈ ఏడింటిలో ఏదైనా 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన నేలలో రాలేదని రుజువు చూపాలి. తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా చెప్పాలి. 2024 చివర్లో వర్తించాల్సిన ఈ చట్టం వాయిదా మీద వాయిదా పడుతూ వచ్చింది.

ఇక్కడ అరకు గుర్తుకొస్తుంది. మన్యంలో పోడు మానిపించడానికి ప్రోత్సహించిన పంట కాఫీ. సిల్వర్ ఓక్ నీడన కాఫీ మొక్క, ఆ చెట్టునే పట్టుకుని పైకి పాకిన మిరియాల తీగ, అదీ అక్కడి తోట. చెట్టును నిలబెట్టి గింజ పండించిన గిరిజన రైతు కూడా తాను అడవి నరకలేదని రుజువు చేసుకోవాలి. చేతిలో పట్టా, ఫోనులో తోట గుర్తు లేకపోతే మంచి గింజకూ సంత మూసుకుపోతుంది.

దారి మాత్రం సరైనదే, వెనక్కి తిరగకూడదు. రొయ్యల తీర్పు నేర్పిన పాఠాన్నీ మరవకూడదు. గడువు అందరికీ సమానంగా ఉండాలి. రుజువుకయ్యే ఖర్చు కప్పు కాఫీ తాగేవాడు భరించాలి, తోటలో గింజ ఏరే చేతి మీద పడకూడదు.