వాటాదారు ఇంట్లోకొస్తే

అప్పు అన్నమాట వింటే మన ఆడవాళ్లకి గుండె ఝల్లుమంటుంది. వాటా అంటే మాత్రం అంత భయం వెయ్యదు. అప్పిచ్చినవాడు గుమ్మంలో నిలబడి కేకలేస్తాడు. వాటాదారు నవ్వుతూ లోపలికొచ్చి కాఫీ తాగుతాడు. అందుకే కాబోలు, ఏదో చిన్న వ్యాపారం పెట్టుకుందామనుకునే ఇల్లాలికి, "అప్పెందుకమ్మా, సగం డబ్బు నేను పెడతాను, సగం లాభం ఇద్దువుగాని" అనేమాట అమృతంలా వినిపిస్తుంది. కాని ఒక్క సంగతి మరిచిపోతాం. అప్పిచ్చినవాడు తన డబ్బు ముట్టగానే వెళ్లిపోతాడు. వాటాదారు వెళ్లడు.

తరిగొప్పుల ఉంది చూడండి, జనగామ దగ్గర, 2016లో మండల కేంద్రమైన ఊరు. అక్కడ ఒకావిడ పిండిగిర్ని పెట్టాలనుకుందనుకుందాం. ఆవిడ నా కల్పనే, లెక్క మాత్రం కల్పన కాదు. మొత్తం 2 లక్షలు కావాలి. చేతిలో లక్ష ఉంది. మిగతా లక్ష నూటికి నెలకు రూపాయి వడ్డీకి తెస్తే ఏడాదికి 12 వేలు కట్టాలి. గిర్ని ఆడినా ఆగినా కట్టాల్సిందే, అసలు కూడా తీర్చాల్సిందే. అదే లక్ష సగం వాటాకి తెచ్చుకుంటే? లాభం 10 వేలొస్తే వాటాదారుకి 5 వేలు చాలు, ఆవిడ బతికిపోయింది. 24 వేలొస్తే రెండూ సమానం. 60 వేలొస్తే మాత్రం 30 వేలు పక్కకి తీసిపెట్టాలి, అదీ ఏటేటా, గిర్ని ఉన్నన్నాళ్లూ. అప్పు అయితే నాలుగైదేళ్లలో తీరిపోయేది. అంటే చెడ్డకాలంలో వాటా చవక, మంచికాలంలో అప్పు చవక. మనకి రాబోయేది ఏ కాలమో ముందు తెలియకపోవడంలోనే ఉంది చిక్కంతా.

వాటా పద్ధతి మన పల్లెలకి కొత్తదేం కాదు. పెయ్యదూడని పాలుకివ్వడం తెలియనివాళ్లుండరు. దూడ ఒకరిది, మేపే కష్టం ఇంకొకరిది, ఫలం ఇద్దరిదీ. ఎంత చక్కటి ఏర్పాటో! దూడ చస్తే మేపినవాళ్ల నెత్తిన అప్పు పడదు. పశువుని అమ్మి పంచుకోగానే పొత్తు కూడా తీరిపోతుంది. కాని కంపెనీ వాటాకి అలాంటి ముగింపు లేదు. తరిగొప్పుల వాళ్లు జనగామ వచ్చి ఎక్కే రైలుకీ, భూపాలపల్లి నేలలోంచి తవ్వి తీసే బొగ్గుకీ వెనక ఉన్న కథ వింటే ఈ తేడా బాగా తెలుస్తుంది.

ముందు రైలు సంగతి. 1883లో మొదటి సాలార్‌జంగ్ కన్నుమూశాడు. నిజాం మహబూబ్ అలీఖాన్‌కి ఇంకా మైనారిటీ తీరలేదు. రైలుమార్గాన్ని వరంగల్లు మీదుగా అవతలికి పొడిగించడానికి లండన్‌లో కంపెనీ పెట్టారు. దానిపేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. పేరులోనే ఉంది మెలికంతా! వాటాదార్లు పెట్టిన సొమ్ముకి 20 ఏళ్లపాటు ఏటా నూటికి 5 వంతున దక్కేలా నిజాం ప్రభుత్వం పూచీ పడింది. చూడ్డానికి వాటా, నిజానికి వడ్డీ. నష్టం వస్తే భరించే పని వాటాదారుకి లేదు, మన ఖజానాకే. ఈ ఏర్పాటుని హైదరాబాదులో కొందరు చదువుకున్నవాళ్లు ఎదిరించారు. వాళ్లలో అఘోరనాథ ఛటోపాధ్యాయ ఒకరు. ఆ పాపానికి 1883లో ఆయన్ని రాజ్యంనుంచి పంపించేశారు. అప్పటికి ఆయన కూతురు నాలుగేళ్ల పిల్ల. ఆ పిల్లే మన సరోజినీ నాయుడు. కంపెనీ షరతుల గురించి అడిగినందుకు ఒక సంసారం ఊరు విడిచి వెళ్లాల్సి వచ్చిందన్నమాట. తర్వాత ఆయన తిరిగొచ్చారు, రైలూ వచ్చింది. 1930లో ఆ రైల్వేని నిజాం ప్రభుత్వం కొనుక్కుంది.

బొగ్గు సంగతి ఇంకా చిత్రం. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టి గనుల హక్కు దానికిచ్చారు. మూలధనం 10 లక్షల పౌన్లు, ఒక్కో వాటా 10 పౌన్లు. వినడానికి ఎంత ఘనంగా ఉంది! తీరా చూస్తే ఆ వాటాల్లో అధికభాగం హక్కు సంపాదించినవాళ్లే తమ పేర రాసుకున్నారు, నగదు పెట్టకుండానే. పైగా అలాంటి వాటాల్లో కొన్నిటిని నిజాం ప్రభుత్వం చేతనే 10 పౌన్లకి 12 పౌన్ల లెక్కన కొనిపించారు. మన పెరట్లో మామిడికాయ మనమే డబ్బిచ్చి కొనుక్కున్నట్టు లేదూ! మధ్యవర్తి సర్దార్ అబ్దుల్ హఖ్ పదవి పోయింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు ఒక విచారణ సంఘాన్నే వేసింది.

అలాగని ఆ వాటాలు ఉత్త దండగా అంటే, అదీ చెప్పలేం. నేలలో ఎంత బొగ్గుందో, ఎన్నేళ్లకి చేతికొస్తుందో తెలియని పని అది. అప్పుచేసి గని తవ్వితే బొగ్గు తగిలేలోపే వడ్డీ మింగేస్తుంది. తవ్వకం 1889లో మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో హైదరాబాద్ ప్రభుత్వం అధిక వాటాలు కొని ఆ కంపెనీని తన చేతిలోకి తెచ్చుకుంది. ఇప్పుడు నూటికి 51 తెలంగాణ ప్రభుత్వానివి, 49 కేంద్రానివి. మన నేల, మన బొగ్గు, అయినా పెత్తనం మళ్లీ మనది కావడానికి 59 ఏళ్లు పట్టింది. రాజుగారి ఖజానా ఉంది కనక కొనగలిగారు. పిండిగిర్ని ఆవిడకి ఏ ఖజానా ఉంది?

దీనికి ఎదురుగా ఇంకో తెలుగు కథ. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. అది లిమిటెడ్ కంపెనీ అయింది 1936లో. మధ్యలో 43 ఏళ్లు! ఆ పచ్చటి సీసా ఇంటింటా చేరి, పేరు స్థిరపడ్డాక గాని వాటాల ముచ్చట రాలేదు. పేరు లేనిరోజున వాటా అమ్మితే చవగ్గా పోతుంది. పేరొచ్చాక అమ్మితే అదే చిన్న వాటాకి పెద్ద సొమ్ము వస్తుంది.

మరి మన గిర్ని ఆవిడ ఏం చెయ్యాలి? ముందు చట్టం చూసుకోవాలి. ఇద్దరు కలిసి వ్యాపారం చేస్తే 1932నాటి భాగస్వామ్య చట్టం వర్తిస్తుంది. కాగితం మీద వేరేగా రాసుకోకపోతే లాభమూ నష్టమూ చెరిసగం. వ్యాపారం పేర ఒకరు చేసిన బాకీ రెండోవారి మెడకీ చుట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, రాసుకోకపోతే పనిచేసే భాగస్వామికి జీతం లేదు. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా పిండి దుమ్ములో నిలబడేది ఈవిడ. నెలకోసారి వచ్చి లెక్క చూసుకునేది ఆయన. ఇద్దరికీ సగం సగం! ఇంటి చాకిరీకి ఎలాగూ జీతం లేదు, గిర్ని చాకిరీకీ లేకపోతే ఎలా?

అందుకని నా మటుకు నాకు తోచేదిది. రాబడి ఏపాటిదో తెలిసిన పనికి, పిండిగిర్నికి, కుట్టుమిషనుకి, పాడిగేదెకి, బ్యాంకు అప్పో సంఘం అప్పో మేలు. వాయిదా కడుతూపోతే ఒకనాటికి పూర్తిగా మనదవుతుంది. ఏళ్లతరబడి ఎదురుచూడాల్సిన పని, వస్తే కొండంత, లేకపోతే సున్నా అనే పని అయితే వాటా మేలు. అప్పుడైనా తన కష్టానికి జీతం ఎంతో, విడిపోవాలంటే వాటాకి ధర ఎవరు కడతారో, ఇద్దరికీ పడకపోతే ఎవరి మాట చెల్లుతుందో సంతకాలకి ముందే రాయించుకోవాలి.

ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మనవాళ్లు ఊరికే అనలేదు. గొర్రె తప్పేముంది పాపం, ఎవరు మేపాలో ముందు అనుకోకపోవడమే తప్పు. ఆ సంగతి అడిగితే నొచ్చుకునే మనిషి డబ్బు ఎంత తియ్యగా వచ్చినా సరే, వద్దనడమే మంచిది.