చిన్న రంధ్రం, సరైన కొలత

1940 వేసవిలో బ్రిటన్ గగనతలంపై పోరాడిన స్పిట్‌ఫైర్, హరికేన్ యుద్ధవిమానాలను ఒక జబ్బు పీడించింది. జర్మన్ మెసర్‌ష్మిట్ 109 తప్పించుకోవడానికి ముక్కు దించి నిట్టనిలువుగా కిందికి దూకేది. వెంటపడిన బ్రిటిష్ పైలట్ కూడా అలాగే చేస్తే, అతని మెర్లిన్ ఇంజను ఊపిరి అందనట్లు తడబడేది, ఒక్కోసారి ఆగిపోయేది. ఆ కొద్ది క్షణాలలో శత్రువు చేజారేవాడు, లేదా వెనుకనున్న మరొకడికి పైలటే చిక్కేవాడు.

జర్మన్ ఇంజనులో ఇంధనం పంపు ద్వారా నేరుగా సిలిండర్లలోకి చిమ్మబడేది. మెర్లిన్‌లో ఉన్నది కార్బ్యురేటర్. మన ఇళ్లపై నీళ్ల ట్యాంకు నిండగానే పైకి తేలి నీటిని ఆపే బంతి వంటిదే అందులోనూ ఉండేది. విమానం హఠాత్తుగా ముక్కు దించినపుడు ఇంధనం గది పైభాగానికి ఎగసేది. మొదట క్షణకాలం ఇంజనుకు ఇంధనం అందేది కాదు. ఆ వెంటనే తేలే బంతి అదుపు తప్పి, పంపు తోసినంత ఇంధనమూ లోపలికి వెల్లువెత్తేది. అసలు ప్రమాదం ఆ రెండవ దశలోనే ఉంది: ఆకలితో కాదు, అజీర్తితో ఇంజను ఆగిపోయేది.

పైలట్లు తమకు తోచిన ఉపాయం తాము కనుగొన్నారు. ముక్కు దించడానికి బదులు విమానాన్ని ముందుగా వెల్లకిలా తిప్పి, ఆ తరువాత డైవ్ చేసేవారు. అలా చేస్తే ఇంధనం గది అడుగునే నిలిచేది. కాని ఆ పల్టీకి పట్టే సమయంలో శత్రువు దూరమయ్యేవాడు.

ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో పనిచేసే బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు దీనికి మందు కనిపెట్టారు. బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో గంటకు 100 మైళ్లకు మించిన వేగంతో మోటారుసైకిలు నడిపిన మహిళ ఆమె. ఇంధనపు గొట్టంలో అమర్చేందుకు దర్జీ వేలితొడుగంత ఇత్తడి ముక్కను, మధ్యలో రంధ్రంతో, రూపొందించారు. ఇంజను పూర్తి శక్తితో పనిచేయడానికి ఎంత ఇంధనం కావాలో అంతే పోనిచ్చేలా ఆ రంధ్రాన్ని కొలిచారు. చిన్నదైతే ఇంజను పస్తుండేది. పెద్దదైతే వెల్లువ ఆగేది కాదు. విమానాన్ని విధులనుండి తప్పించకుండానే దానిని బిగించవచ్చు. 1941 తొలి నెలలలో ఆమె బృందం విమాన స్థావరాలు తిరిగి ఈ పనిని పూర్తిచేసింది. ఇది సంపూర్ణ చికిత్స కాదు. విమానం ఎక్కువసేపు తలకిందులుగా ఎగరలేదు. పీడనంతో పనిచేసే కొత్త కార్బ్యురేటర్లు వచ్చేవరకు ఇదే ప్రాణాలు కాపాడింది.

వైద్యచరిత్రలో దీనికి తోబుట్టువు వంటి ఘట్టం 1971లో, బంగ్లాదేశ్ యుద్ధకాలంలో జరిగింది. సరిహద్దులోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి, నరానికి ఎక్కించే సెలైన్ నిల్వలు అడుగంటాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు పొట్లాలను తయారుచేయించి, నీటిలో కలిపి రోగుల బంధువుల చేతనే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. పేగులో గ్లూకోజు తనతోపాటు సోడియంను, దాని వెంట నీటిని రక్తంలోకి చేరుస్తుందన్న జ్ఞానమే ఆ ఉపాయానికి పునాది.

ఈ రెండు ఉపాయాలలోనూ వస్తువు సామాన్యమైనది, కొలత మాత్రం కచ్చితమైనది. అందుకే ఓఆర్ఎస్ పొట్లాన్ని దానిపై సూచించినంత నీటిలోనే పూర్తిగా కలపాలి. నీరు తగ్గితే రక్తంలో సోడియం పెరిగి పసిపిల్లలకు ప్రమాదం. ఎక్కువైతే ద్రావణం పలచబడి ఫలితం తగ్గుతుంది. షిల్లింగ్ ఇత్తడి ముక్కకు వలెనే దీనికీ హద్దు ఉంది: బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, తాగినదంతా వాంతి చేసుకుంటున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అప్పుడు అవసరమయ్యేది సెలైన్.