అరలు మూడు, పెట్టె ఒకటి

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు, మా బాబాయిగారి ఇంట బీరువా అడుగు అరలో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు ఉండిపోయింది. దానిని మూడు పార్టిషన్లుగా విభజించి ఇచ్చినవాడిని నేనే. ఒకదానిలో పొలం దస్తావేజుల స్కాన్ ప్రతులు, ఒకదానిలో ఫోటోలు, మూడవదానిలో ఆ రెంటి నకళ్లు. మూడవదానికి "భద్రం" అని పేరు కూడా పెట్టాను.

ఈ విభజన చరిత్రను తరచి చూస్తే, భద్రత అన్న ఊహ అందులో మొదట లేనే లేదు. 1983లో ఐబిఎం పీసీ ఎక్స్‌టీ 10 మెగాబైట్ల హార్డ్‌డిస్కుతో వచ్చింది. దాని వెంట వచ్చిన డాస్ 2.0లోని ఎఫ్‌డిస్క్ ఆ డిస్కును నాలుగు భాగాల వరకు పంచగలిగేది. ఒకే డిస్కు మీద వేర్వేరు ఆపరేటింగ్ సిస్టములు కాపురం చేయడానికే ఆ ఏర్పాటు. తరువాత అది నిర్బంధమైంది. ఆనాటి డాస్ ఒక్కొక్క భాగంలో 32 మెగాబైట్లకు మించి లెక్కించలేదు. 40 మెగాబైట్ల డిస్కు కొన్నవారు కోరినా కోరకున్నా దానిని రెండు చేయవలసి వచ్చేది. 1996లో వచ్చిన ఫ్యాట్32 చాలా ఇరుకు తీర్చింది గాని, ఒక్క ఫైలు 4 గిగాబైట్లు దాటరాదన్న నియమం మిగిల్చింది. పెళ్లి వీడియో కాపీ కాక తికమకపడినవారికి ఇది అనుభవమే. 1993 నాటి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు గాని, 2006 నాటి ఎక్స్‌ఫ్యాట్‌కు గాని ఆ చిక్కు లేదు.

అవసరం తీరినా అలవాటు పోలేదు. సీ డ్రైవులో విండోస్, డీ డ్రైవులో మన సొత్తు. విండోస్ పాడై సీని ఫార్మాట్ చేసినా డీ చెక్కుచెదరదు. ఆ నమ్మకమే నన్ను మోసగించింది.

ఫార్మాట్ అన్నా మనవారికి భయం. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం స్థాపించిన అయ్యంకి వెంకటరమణయ్యగారి తరానికి అది సులువుగానే బోధపడి ఉండేది. క్విక్ ఫార్మాట్ చింపేది పుస్తకాల పట్టికను. పుస్తకాలు బల్లల మీదనే ఉంటాయి. పట్టిక పోయిన డిస్కు నుండి ఫైళ్లు వెలికితీయడం అందుకే తరచు సాధ్యమవుతుంది. (విస్టా మొదలు పూర్తి ఫార్మాట్ సున్నాలు రాస్తుంది, ఆపైన ఆశ లేదు.)

వరద నీరు పట్టికనూ పుస్తకాలనూ వేరుచేసి చూడదు. నీరు తీసిన తరువాత ఆ డిస్కును ఎండబెట్టి, కంప్యూటరుకు తగిలించాము. అది చేయకూడని పని. తడిసినదానిని అలాగే నిపుణుల చేతికి ఇవ్వవలసింది. లోపల బురద పొర ఉంటే, తిరిగే పళ్లెం మీద హెడ్ గీతలు గీస్తుంది. రెండు క్షణాలు కీచుమని ఆగిపోయింది. "భద్రం" కూడా తెరుచుకోలేదు.

దస్తావేజుల నకళ్లు సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో మళ్లీ తీసుకున్నారు. ఫోటోలకు అటువంటి కార్యాలయం లేదు. పిన్నిగారి పెళ్లినాటి బొమ్మలు అందులోనే ఉండేవి. అసలు ప్రతులూ అదే బీరువాలో తడిశాయి.

ఈసారి రెండు డిస్కులు కొన్నాము. ఒక్కొక్కదానిలో ఒకే పార్టిషన్, ఎన్‌టీఎఫ్‌ఎస్. ఒకటి సింగ్‌నగర్‌లో, మేడ మీది గదిలో ఉన్నది. రెండవదానిని బాబాయిగారు స్వయంగా తీసుకువెళ్లి నూజివీడులో కూతురి ఇంట పెట్టి వచ్చారు. అది మెరక.