మా ఇంటికి వచ్చిన ఒక మాట చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని సంఘం కార్యదర్శిగారు అడిగారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర రాయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను మా ఇంటికి 1979లో వచ్చిన ఒక మాట చరిత్ర రాస్తున్నాను. ఆ ఏడు మా రెండో అబ్బాయి పుట్టినప్పుడు డాక్టరుగారు చీటీ మీద ‘మంగోలిజం’ అని రాసిచ్చారు. పదేళ్లు బతికితే గొప్ప అన్నారు.

ఆ మాట అప్పటికే చెల్లనిది. ఇంగ్లండులో ఎర్ల్స్‌వుడ్ శరణాలయం వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ 1866లో ఈ పిల్లల లక్షణాలను వివరిస్తూ, ముఖకవళికలను బట్టి మంగోలు జాతివారితో పోల్చారు. పోలిక తప్పు. మనిషి మాత్రం మంచివాడు. శిక్షణ ఇస్తే ఈ పిల్లలు నేర్చుకుంటారని నమ్మి, 1868లో భార్యతో కలిసి నార్మన్స్‌ఫీల్డ్ అనే గృహం స్థాపించి, తర్వాత అందులో నాటకశాల కూడా కట్టించారు. వీరు ఇతరులను అనుకరించడంలో దిట్టలని రాసిందీ ఆయనే. నేను ఫైలు తిప్పుతూ కళ్లజోడు పైకి తోసుకునే తీరు మావాడు చేసి చూపిస్తే, ఇంటికి వచ్చిన మా సూపరింటెండెంటుగారు కడుపు పట్టుకుని నవ్వారు.

1961లో కొందరు శాస్త్రజ్ఞులు ఆ పేరు మార్చాలని లాన్సెట్ పత్రికకు రాశారు. 1965లో మంగోలియా దేశమే అభ్యంతరం చెప్పగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట విడిచిపెట్టింది. అది మా చీటీ దాకా రాలేదు.

అసలు కారణం 1959లో పారిస్‌లో బయటపడింది. మనిషి కణంలో 46 క్రోమోజోములుంటే వీరికి 47. ఇరవై ఒకటవ జతలో ఒకటి అదనం. ఆ ఘనత చాలాకాలం జెరోమ్ లెజూన్ గారిదే అన్నారు. కణాలను పెంచి చూపిన మార్త్ గోతియే అనే డాక్టరమ్మ పేరు వెనకబడింది. నోటు రాసేది ఒకరు, సంతకం పెట్టేది ఒకరు అన్నది మన ఆఫీసుల్లోనే కాదన్నమాట.

ఈ సంగతి బంధువులకు తెలిసివుంటే మా ఆవిడ అన్ని మాటలు పడేది కాదు. గ్రహణంనాడు బయట తిరిగిందన్నారు, నోము తప్పిందన్నారు. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరిగేమాట నిజమే. కాని చిన్నవయసులోనే కాన్పులెక్కువ గనుక ఆ తల్లులకూ ఇటువంటి పిల్లలు పుడుతుంటారు. మా ఆవిడకు అప్పుడు ఇరవై నాలుగు.

1984లో సికింద్రాబాదులో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వెలిసింది (పేరు తర్వాత మారింది). సెలవు పెట్టి రైలెక్కి తీసుకువెళ్లేవాళ్లం. చొక్కా గుండీ పెట్టుకోవడమనే ఒక్క పనిని చిన్నచిన్న మెట్లుగా విడదీసి నేర్పడం అక్కడే చూశాం. ఆ గుండీలకు మావాడికి ఎనిమిది నెలలు పట్టింది. ఆవిడ ఓపిక నాకు లేదు.

అమెరికాలో 1983 నాటికి వీరి సగటు ఆయువు 25 ఏళ్లు. ఇప్పుడు అక్కడ 60 దాకా వచ్చింది. ఇంచుమించు సగంమందికి పుట్టుకతో గుండెలో లోపముంటుంది, దానికి ఆపరేషన్లు రావడం పెద్ద కారణం. మావాడికి నలభై అయిదు దాటాయి. పూర్వం బిడ్డ ముందు పోతాడని ఏడ్చేవారు. ఇప్పుడు మేము ముందు పోతే ఎలాగన్నది దిగులు.

పెన్షనరు మిత్రులకు అందుకే ఈ నాలుగు ముక్కలు. మానసిక వైకల్యంవల్ల సంపాదించుకోలేని బిడ్డకు వయోపరిమితి లేకుండా జీవితాంతం కుటుంబ పింఛను ఇచ్చే నిబంధన ఉన్నది. వైద్యాధికారి సర్టిఫికెట్టు కావాలి. నామోషీకొద్దీ ఆ బిడ్డ పేరు కుటుంబ వివరాల ఫారంలో చూపనివారిని నా సర్వీసులో చూశాను. తండ్రి పోయాక తల్లి కౌంటరు దగ్గర నిలబడి, లేని పేరు ఎలా చేర్చాలని అడిగేది. పద్దెనిమిది నిండితే తల్లిదండ్రులైనా చట్టరీత్యా సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద, జిల్లా కలెక్టరు అధ్యక్షుడుగా ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టి గార్డియను ఉత్తర్వు తెచ్చుకోవాలి.

మా అమ్మాయి తమ్ముడి బాధ్యత తనదేనని ఒప్పుకుని సంతకం పెట్టింది. దరఖాస్తుకు ఫోటో తీయించేటప్పుడు మావాడు నా కళ్లజోడు పెట్టుకుంటే గాని దిగనన్నాడు. రెండు తీయించాం. కళ్లజోడుతో ఉన్నది మా ఆవిడ బీరువాలో ఉంది.