హాలీ – కల్దారు

శంషాబాదు విమానాశ్రయమున విదేశము నుండి దిగిన ప్రయాణికునికి రెండు తావులు ఎదురగును. ఒకచోట సుంకపు అధికారి పెట్టెలో ఏమున్నదని అడుగును. మరొకచోట పరదేశపు నోటు ఇచ్చి రూపాయలు పుచ్చుకొనవచ్చును. 2008లో తెరచిన ఈ ఆశ్రయము చెంతనే కర్నూలుకు పోవు పాతబాట, ఉందానగరు స్టేషను మీదుగా అటే సాగు ఇనుపదారి ఉన్నవి. డెబ్బదియైదేండ్లకు పూర్వము ఈ బాటను దక్షిణముగా పోయి తుంగభద్ర దాటువారికి గూడ ఈ రెండు తావులును తప్పకుండెడివి. ఏటికి ఇవతల నిజాము రాజ్యము, అవతల మద్రాసు రాష్ట్రము. ఇరువైపుల తెలుగువారే.

సరుకుపై వేయు ఆ సుంకమును కరోడ్‌గిరి అనెడివారు. 1802లో ఈస్టిండియా కంపెనీతో కుదిరిన వాణిజ్య సంధి దానిని నూటికి అయిదుగా నిర్ణయించెను. నాణెమును వేరే. ఏడు హాలీ సిక్కాలకు ఆరు కల్దార్లు, అనగా ఆంగ్లేయుల రూపాయలు. 1918 నుండి నిజాముకు స్వంత కాగితపు నోట్లును వచ్చెను. అయితే ఆ రాజ్యపు నిలువ ధనములో వెండియే కాక, భారత ప్రభుత్వ ఋణపత్రములును ఉండెను. శ్రోతలు ఈ ముక్కను జ్ఞాపకముంచుకొనవలెనని మా మనవి. తరువాతి కథకంతకు ఇదియే కీలకము.

1947 నవంబరు 29న ఢిల్లీకిని హైదరాబాదుకును యథాతథ ఒడంబడిక జరిగెను. ఆగస్టు 15కు పూర్వమున్న సంబంధములు ఒక ఏడాది అట్లే సాగవలెనని దాని సారము. సిరా ఆరకముందే మీర్ లాయఖ్ అలీ ప్రభుత్వము రెండు శాసనములు చేసెను. బంగారము వెండి వంటి విలువగల లోహములు ఎల్ల దాటరాదని ఒకటి. భారత నాణెము రాజ్యములో చెల్లదని రెండవది. పిమ్మట పాకిస్థానునకు ఇరువది కోట్ల రూపాయల అప్పు సంగతి బయటపడెను. ఆ అప్పును ఇచ్చినది హాలీలలో కాదు, భారత ప్రభుత్వ ఋణపత్రములలో! ఏ రూపాయ తన అంగడిలో చెల్లదనిరో, ఆ రూపాయ పత్రములతోనే దౌత్యము నడపబూనిరి. ఇది సాహసమా, లెక్క తెలియకపోవుటయా యని మాకు సందేహము.

ఢిల్లీ అభ్యంతరము చెప్పెను. ఒడంబడిక గడువులో పాకిస్థాను ఆ పత్రములను సొమ్ము చేసికొనదని హైదరాబాదు మాట ఇచ్చెను. భారత ఏజెంటు-జనరలుగా వచ్చిన కె. ఎం. మున్షీ కేవలము వాణిజ్య ప్రతినిధియేనని నిజాము పక్షము పట్టుపట్టెను. ఆయన విడిదికి రాజ్యపు భవనమేదియు దొరకలేదు. బొల్లారములోని సైన్యపు భవనముల యందు దిగవలసివచ్చెను.

1948 వేసవికి తగవు మూటలలోనికి, సీసాలలోనికి దిగెను. హైదరాబాదుకు సముద్రము లేదు. ఉప్పు, పెట్రోలు, మందులు, మంచినీటిలో కలుపు క్లోరిను, అన్నియు ఎల్ల దాటి రావలసినవే. ఇది దిగ్బంధనమని హైదరాబాదు మొరపెట్టెను. ఆయుధములను, వాటికి పనికివచ్చు వస్తువులను మాత్రమే ఆపితిమని ఢిల్లీ బదులిచ్చెను. రజాకార్ల దాడులకు గురియైన సరిహద్దు జిల్లాల అధికారులు ఉదారముగా ఉండుదురని ఆశించుట కష్టమే. కాని మందు అందని రోగికి, దానిని ఆపినది ఏ కచ్చేరియో తెలిసి ప్రయోజనమేమి? నేలదారి ఇరుకు కాగా నిజాము పక్షము ఆకాశమును వెదకెను. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుండి బీదరు, వరంగల్లు మైదానములకు ఆయుధములు చేరవేసెను.

అదే వేసవిలో లండనులో భారత ప్రతినిధులు బ్రిటనుతో మరొక బేరమున ఉండిరి. యుద్ధకాలమున మన సరుకులకు బదులుగా అక్కడ పోగుపడిన స్టెర్లింగు నిలువలు, 1947 నాటికి సుమారు 116 కోట్ల పౌన్లు, ఋణస్థుని ఇంటనే చిక్కుపడియుండెను. మన సొమ్మును మనము వాడుకొనుటకు వారి అనుమతి కావలసివచ్చెను. ఢిల్లీ ఎదుట హైదరాబాదు స్థితియు ఇంచుమించు ఇట్టిదే. పరుని పత్రములను నిలువగా దాచుకొన్నవాడు పరునితో తెగతెంపులు చేసికొనజాలడు. 1948లోనే ఢిల్లీ ఆ పత్రముల బదిలీని నిలిపివేసెను.

ఆగస్టు 21న హైదరాబాదు భద్రతాసమితికి ఫిర్యాదు చేసెను. సెప్టెంబరు 13న భారత సైన్యము కదలెను. 17న అంతయు ముగిసెను. ఫిర్యాదును ఉపసంహరించుకొనుచున్నట్లు నిజాము రేడియోలోనే ప్రకటించెను. 1951లో హాలీ ముద్రణ ఆగిపోయెను. 1959లో ఆ నాణెము చెల్లుబాటు పోయెను.

ఒక్క పద్దు మాత్రము తెగలేదు. ఆ సెప్టెంబరులోనే లండను బ్యాంకులోని హైదరాబాదు ఖాతా నుండి 10,07,940 పౌన్లు పాకిస్థాను హైకమిషనరు రహిమ్‌తూలా పేరిటికి మారెను. తిరిగి ఇమ్మని నిజాము కొద్దిరోజులలోనే కోరినను బ్యాంకు ఇయ్యలేదు. 1957లో ప్రభువుల సభ ముందు దావా నిలువలేదు. 2019 అక్టోబరు 2న లండను ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పునాటికి ఆ సొమ్ము మూడున్నర కోట్ల పౌన్లైనది. అది పాకిస్థానుది కాదనియు, భారతదేశమునకును నిజాము మనుమలకును చెందుననియు తేల్చిరి.